పద్నాలుగో మనిషి

సెత్తీమియా తన భోజనాల బల్ల దగ్గర పదమూడుమందిని కూర్చోనివ్వదు. ఆవిడకున్న పట్టింపు అదొక్కటే. పిడుగు పడినా పట్టించుకోదు. పందిపిల్లలు దొడ్లోంచి తప్పించుకుని అతిథుల ఈతకొలనులో దూకినా, "ఎండ అలా ఉంది మరి, వాటిదీ ప్రాణమేగా" అంటుంది. కాని బల్ల చుట్టూ పదమూడు తలలున్నాయని ఆవిడకి తోచిందా, చేతిలో గరిటె చేతిలో ఉండగానే రోడ్డుమీదికి పరుగెడుతుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, తొంభై కిలోల మనిషి, ద్రాక్షతోట వాలులో అలా దిగుతుంటే చూసినవాళ్ళు టోపీ తీసి నిలబడేవారు. భక్తితోనో భయంతోనో వాళ్ళకే తెలియదు. రెండు నిమిషాల్లో ఎవరినో ఒకరిని రెక్క పట్టుకుని తెచ్చి పద్నాలుగో కుర్చీలో కూలేసేది. ఆ తర్వాతే వడ్డన.

"పదమూడుమంది కలిసి తింటే ఏడాది తిరక్కుండా అందులో ఒకరు పోతారు," అనేది. "నా ఇంట్లో తిన్నవాళ్ళు పోవడానికి వీల్లేదు. మళ్ళీ రావాలి."

ఇటలీలోని మార్కె కొండల్లో ఇంటి పెత్తనం చేసే ఆడమనిషిని వెర్గారా అంటారు. సెత్తీమియాని పేరుపెట్టి పిలిచేవాళ్ళకంటే అలా పిలిచేవాళ్ళే ఎక్కువ. భర్త పోయాక ఆవిడ ఫోంతెసెక్క పొలంలోని పాత రాతి ఇంటికి ఆరు గదులు బాగుచేయించి, పట్నాలనుంచి వచ్చేవాళ్ళకి శని, ఆదివారాలు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. గదుల సంగతి కోడలు ఒర్నెల్లా చూసేది. అంకోనా ఓడరేవు పిల్ల, అన్నీ కాగితం మీద ఉండాలి ఆమెకి. కంప్యూటరులో ఆ ఇంటి గురించి ఒర్నెల్లా రాసిన మాటలు మూడే: "నిశ్శబ్దం. పచ్చదనం. విశ్రాంతి." భోజనం వేళలు మినహాయిస్తే మూడూ నిజమే.

ఒర్నెల్లా కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారి ప్రతాపం చూసింది. ఆవిడ కొడుకు ఎల్వియో ట్రాక్టరుకి వెనక దీపం లేదని కేసు రాయడానికి ఠాణా నుంచి అధికారి వచ్చాడు. జీపులోంచి ఒక కాలు కింద పెట్టాడో లేదో, మెడలో చేతిగుడ్డ పడింది.

"రాసుకుందువుగాని నాయనా, ముందు కూర్చో."

"అమ్మా, నేను డ్యూటీలో ఉన్నాను."

"నేను మాత్రం సెలవులో ఉన్నానా? కూర్చో. పదమూడు."

అధికారి కూర్చున్నాడు. మాంసం కూరి వేయించిన ఆలివ్ కాయలు తిన్నాడు, అడవి సోంపుతో వండిన కుందేలు తిన్నాడు, రెండోసారి అడిగి తిన్నాడు. వెళ్ళేటప్పుడు బెల్టు ఒక చిల్లు వదులు చేసుకుని, కేసు రాసే పుస్తకం ఎక్కడ పెట్టాడో మర్చిపోయి, ట్రాక్టరు దీపం తనే బిగించి వెళ్ళాడు. తుపాకి కూడా మర్చిపోయేవాడే, ఒర్నెల్లా పరుగెత్తి ఇచ్చింది.

పశువుల డాక్టరుని తెచ్చినరోజు ఆయనకి ఒక చెయ్యి కడుక్కునే సమయమే ఇచ్చింది. రెండో చెయ్యి భుజం దాకా ఆవు లోపల్నుంచి అప్పుడే బయటికి వచ్చినది. "ఒక చేత్తో తినలేవా? లోకంలో సగంమంది అలాగే తింటున్నారు." ఇంకోసారి పక్క ఊళ్ళో నామకరణం విందు ముగించుకుని వస్తున్న ఫాదర్ ఉబాల్దో చిక్కాడు.

"సెత్తీమియా, నేను తినేశాను. పైగా పదమూడు అనేది మూఢనమ్మకం. చర్చి ఒప్పుకోదు."

"చర్చిని ఒప్పుకోమని ఎవరన్నారు, తినమంటున్నాను."

ఫాదర్ తిన్నాడు. ఆరోజు రెండో భోజనమని తర్వాత ఎవరూ నమ్మలేదు.

అన్నిటికంటే పెద్దది శవాల బండి సంగతి. దారి తప్పిన డ్రైవరు ఒకడు, మాచెరాతాకి ఎటు వెళ్ళాలో అడుగుదామని గేటు ముందు బండి ఆపాడు. లోపల, "పదమూడయ్యారు, ఎవరూ ముద్ద ముట్టకండి" అని వెర్గారా అప్పుడే ప్రకటించి ఉంది. కిటికీలోంచి చూస్తే పొడుగాటి నల్ల బండి. అతిథుల చేతులన్నీ ఒక్కసారి అరిష్టం పోవడానికి ఇనుము కోసం వెతుక్కున్నాయి. బల్ల చెక్క, కుర్చీలు చెక్క, దొరికినవి ఫోర్కులే. పదమూడు ఫోర్కులు పదమూడు పిడికిళ్ళలో ఉండగా సెత్తీమియా ఆ డ్రైవరుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మనిషి మహా సరదా. పాటలు పాడాడు. మరుసటి ఏడాది పెళ్ళాంతో సెలవుకి వచ్చాడు, అదే బండిలో.

ఇదంతా ఒర్నెల్లా సహించేది. సహించలేకపోయినది లెక్క. అతిథులు ఎంతమందో ఆమెకి తెలుసు, కాగితం మీద ఉంటుంది. అత్తగారికి మాత్రం ఎప్పుడు చూసినా పదమూడే.

"అత్తయ్యా, పదకొండుమందే ఉన్నారు."

"ఆ హాలెండు అబ్బాయిని చూశావా? వాడు ఒక్కడెలా అవుతాడే? ఇద్దరు."

"మరి ఇంకొకరు?"

"ఆకుపచ్చ గౌనావిడకి అయిదో నెల. నాకు కళ్ళు లేవా?"

"మొన్న పద్నాలుగుమంది ఉన్నప్పుడు కూడా పదమూడే అన్నారు."

"ఒకాయన పథ్యం అని సూపు తాగి ఊరుకున్నాడు. తిననివాణ్ణి లెక్కలోకి ఎలా తీసుకుంటాం?"

అత్తగారికి కూడికలు రావని ఒర్నెల్లా తీర్మానించుకుంది. ఎల్వియోతో అంటే, ట్రాక్టరు చప్పుడులో వినపడని మొహం పెట్టాడు. ట్రాక్టరు ఆగి ఉన్నా ఎల్వియోది అదే మొహం.

పద్నాలుగో మనిషి అయిదుసార్లలో నాలుగుసార్లు నజ్జరేనోయే అయ్యేవాడు. బాటకి అవతలి ఇల్లు ఆయనది. రాతిపని మేస్త్రీ, డెబ్బై ఆరేళ్ళు. ఆ చుట్టుపక్కల కూలకుండా నిలబడ్డ గోడ ఏదైనా ఉంటే ఆయన కట్టినదే. భార్య అస్సుంతా పోయాక ఒక్కడే ఉండేవాడు. సెత్తీమియా గోడ దగ్గర నిలబడి ఒకే ఒక్క మాట కేక వేసేది.

"నజ్జరేనో, పదమూడు."

"నాకు పనుంది."

"ఇక్కడ ఒకరి ప్రాణం మీదికొచ్చింది, నీకు పనట."

"మీ ఇంటికొచ్చేవాళ్ళు పన్నెండుమంది రాలేరా? పద్నాలుగుమంది రాలేరా?"

అలా సణుగుతూనే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. బల్ల చివర కూర్చుని, మునిగిపోతున్నవాణ్ణి నీళ్ళలోంచి లాగుతున్నంత గంభీరంగా తినేవాడు. పళ్ళెం రొట్టెముక్కతో తుడిచి లేచి, "సరే, ఇక ఈ ఏడాది ఎవరూ చావరు" అని అందరికీ భరోసా ఇచ్చి వెళ్ళిపోయేవాడు. పాపం పెద్దాయనని ఇలా వేధించడమేమిటని ఒర్నెల్లా ఒకసారి క్షమాపణ కూడా చెప్పింది. "ఏం చేస్తాం తల్లీ," అన్నాడు నజ్జరేనో. "పక్కింట్లో పుట్టాం."

ఇలా పదకొండేళ్ళు గడిచాక, ఒక మే నెలలో, విశ్రాంతి కోసం ప్రొఫెసర్ తెబాల్ది వచ్చాడు.

ఫెర్రారాలో ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిపిల్లలకి లెక్కలు చెప్పి విరమించిన మనిషి. విరమించింది ఉద్యోగం నుంచే, లెక్కలనుంచి కాదు. రక్తపోటు చూసి డాక్టరు, రెండు రోజులు ఏ పనీ లేని చోటికి వెళ్ళమన్నాడు. భార్య నోర్మా ఆయన్ని కారులో వేసుకుని వచ్చింది.

"దారిలో నూటపదకొండు సైప్రస్ చెట్లున్నాయి," అన్నాడు ప్రొఫెసర్ కారు దిగుతూనే, ఒర్నెల్లాతో. "ఒకటి ఎండిపోయింది."

"అకిల్లె, ఇక్కడ ఏదీ లెక్కపెట్టనని మాటిచ్చావు," అంది నోర్మా.

"లెక్కపెట్టడం లేదు, చూస్తున్నాను. నలభై ఆరు వానకోవెల పిట్టలు."

కాని ఇంటి ముందు అరుగుమీదికి వచ్చేసరికి ఆయన నోరు మూతపడింది. ఆ అరుగు అందరినీ అలాగే చేస్తుంది. ఒకవైపు ఇంకా మంచు కరగని కొండలు, రెండోవైపు గోధుమచేల మీదుగా జారిజారి వెళ్ళి కనిపించే సముద్రపు గీత, మధ్యలో ఎర్ర గసగసాల పూలు, ఎన్నో దేవుడికే తెలియాలి. ప్రొఫెసర్ చూపుడువేలు లేచింది, మొదటి చేను దాకా వెళ్ళింది, దిగిపోయింది. ఆయన కుర్చీలో కూలబడి పావుగంట ఏ అంకే అనలేదు. నోర్మా సంతోషంతో చెప్పులు విప్పి గడ్డిలో కాళ్ళు పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం భోజనానికి బల్ల దగ్గర ఎవరెవరంటే: ప్రొఫెసర్, నోర్మా, సైకిళ్ళ మీద వచ్చిన హాలెండువాళ్ళు ఆరుగురు, పెజారో నుంచి కొత్త జంట, ఎల్వియో, వంటింటి వైపు చివర ఒర్నెల్లా. సెత్తీమియా గుమ్మంలో నిలబడి చూసింది. పెదవులు కదిలాయి. బయటికి వెళ్ళింది. "నజ్జరేనో, పదమూడు" అన్న కేక కొండకి తగిలి రెండుసార్లు వినిపించింది.

నజ్జరేనో వచ్చి కూర్చున్నాడు. ఇదంతా ఏమిటని ప్రొఫెసర్ అడిగాడు. పదమూడు గొడవ ఎల్వియో రెండు ముక్కల్లో చెప్పాడు. ఎల్వియో ఏదైనా రెండు ముక్కల్లోనే చెబుతాడు.

ప్రొఫెసర్ కళ్ళు మెరిశాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎర్రసిరాతో తప్పులు దిద్దిన చెయ్యి, రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న చెయ్యి, దానంతటదే పైకి లేచింది. ఒక్కొక్కరి మీదికీ వేలు చూపిస్తూ బల్లంతా తిరిగి, చివరికి తన టై మీద ఆనించుకున్నాడు.

"పన్నెండు," అన్నాడు ఆనందంగా. "అమ్మా, మేం పన్నెండుమందిమే. చిత్రమేమిటంటే, ఈ పెద్దాయన వచ్చి కూర్చోవడం వల్లే ఇప్పుడు పదమూడయ్యాం."

బల్ల కింద నోర్మా కాలు గట్టిగా పనిచేసింది గాని, మాట అప్పటికే బయటికి వచ్చేసింది.

నజ్జరేనో నోటి దాకా తీసుకెళ్ళిన ఫోర్కు పళ్ళెంలో పెట్టాడు. చేతిగుడ్డని సగానికి మడిచాడు, మళ్ళీ సగానికి మడిచాడు, రాయి మీద రాయి పేర్చినట్టు బల్ల అంచుకి సరిగ్గా పెట్టాడు.

"అయితే నా అవసరం లేదన్నమాట," అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా లేచి వెళ్ళిపోయాడు.

సెత్తీమియా వెనక పరుగెత్తలేదు. ఆ ఇంట్లో మొదటిసారి ఒక మనిషి తినకుండా లేచాడు, ఆవిడ గరిటెతో నిలబడి చూసింది. ఆ తర్వాత మధ్యాహ్నమంతా ఎవరినీ తిట్టలేదు. కోళ్ళని కూడా తిట్టలేదు. ఒర్నెల్లాకి భయం వేసింది.

వంటింట్లో గిన్నెలు తోముతున్నప్పుడు ఉండబట్టలేక అంది. "నేను ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యా, లెక్క చూసుకోమని."

"నాకు లెక్క రాదనుకుంటున్నావా?" సెత్తీమియా తోముతూనే ఉంది. "ఎనిమిదో ఏట నుంచి మా అమ్మ కోళ్ళని గూట్లో మూసింది నేను. నాలుగువందల కోళ్ళు, చీకటి పడే వేళ, ఒకదాని మీద ఒకటి ఎక్కి పరుగెడుతుంటే లెక్కపెట్టేదాన్ని. ఒకటి తగ్గితే తెలిసేది. పన్నెండుమంది మనుషుల్ని, కుర్చీల్లో కదలకుండా కూర్చున్నవాళ్ళని, లెక్కపెట్టలేనా?"

ఒర్నెల్లా చేతిలో పళ్ళెం ఆగింది.

"అస్సుంతా పోయినప్పుడు నువ్వింకా రాలేదు. నజ్జరేనోకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. పాస్తా చేసి పంపించాను. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదుగా, నిండా అక్రోటు కాయలు పోసి పంపాడు. కుందేలు కూర పంపించాను. బతికున్న కుందేళ్ళు రెండు వచ్చాయి. ఆ రెండూ వండి పంపిస్తే నాలుగు కోళ్ళు వచ్చాయి. నేను పంపడం, వాడు అంతకి రెట్టింపు పంపడం. ఆరు నెలలు తిరిగేసరికి వాడి దొడ్లో ఈక కూడా మిగల్లేదు. మనిషికి అన్నం పెట్టి కొంప ఖాళీ చేయించాను నేను."

"భోజనానికి రమ్మని పిలవకపోయారా?"

"పిలిచాను. ఏమన్నాడో తెలుసా? 'పిలిస్తే రాను సెత్తీమియా, పనుంటే పిలువు. పనికెప్పుడైనా వస్తాను' అన్నాడు. ఇక్కడ పనికి పిలిస్తే కాదనేవాడు లేడు, పని చేసినచోట తినకుండా వెళ్ళేవాడూ లేడు. కాని ఏం పని చెప్పను? నడుం పోయింది, గులకరాయి ఎత్తలేడు. వాడు చేయగలిగింది కూర్చోవడం ఒక్కటే." ఆవిడ గిన్నె బోర్లించింది. "సరే, కూర్చునే పనే పుట్టించాను."

ఒర్నెల్లా తడి గిన్నె తుడిచి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి ఆ పోలీసాయన? పశువుల డాక్టరు? ఆ శవాల బండి అతను?"

"ఎప్పుడూ వాణ్ణొక్కణ్ణే పిలిస్తే వాడికి తెలియదా? వాడేం వెర్రివాడు కాదు. గోడ మీంచి అంతా చూస్తుంటాడు. అప్పుడప్పుడు ఎవరో ఒకరిని ఈడ్చుకు రావాలి, వాడు చూసేట్టు."

ఒర్నెల్లా స్టూలు మీద కూర్చుండిపోయింది. పదకొండేళ్ళు. ఎండలో, వానలో, మోకాళ్ళ నొప్పులతో ఆ వాలంతా పరుగులు. ఒక ఫాదర్, ఒక పోలీసు, ఒక శవాల బండి. ఒక్క మేస్త్రీ అభిమానం నిలబెట్టడానికి జిల్లా మొత్తానికి అన్నం పెట్టింది ఈవిడ. దూరం నుంచి చూసే మంచుకొండల్లా కాకుండా, రోజూ పక్కనే గిన్నెలు తోముకుంటున్న కొండ కావడంతో ఇన్నాళ్ళూ ఎత్తు తెలియలేదు.

"కాని అత్తయ్యా, అప్పుడు నిజంగానే పదమూడుమంది అయ్యేవాళ్ళు కదా చాలాసార్లు. మీకు భయం వేయలేదా?"

"ఎవడైనా చచ్చాడా? పదమూడు కాదు, అంకె ఏదైతేనేం. వాడు ఉల్లిపాయా రొట్టే తిని బతుకుతుంటే చూడ్డానికే నాకు భయం." ఆవిడ చేతులు తుడుచుకుంది. "ఇక రాడు. వాళ్ళ మేనకోడలు అననే అంది, ఇంకాస్త చిక్కితే వృద్ధాశ్రమంలో చేర్పిస్తానని. ఆ గోడలు వాడు కట్టినవి కూడా కాదు. ఎలా ఉంటాడు అందులో?"

వంటింటి గుమ్మంలో చప్పుడైంది. కాఫీ కప్పులు తిరిగి ఇవ్వడానికి వచ్చిన నోర్మా, రెండు కప్పులూ గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. కప్పులు అక్కడే పెట్టేసి అరుగుమీదికి నడిచింది.

"అకిల్లె," ఆమె అంటుంటే కిటికీలోంచి ఒర్నెల్లాకి వినిపించింది, "ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి, నీ లెక్క సరైనందుకు నాకు తల కొట్టేసినట్టుంది."

ఆ సాయంత్రం వానకోవెలలు ఎన్ని వచ్చాయో, ఎన్ని వెళ్ళాయో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం ఉదయం ప్రొఫెసర్ టై కట్టుకుని కిందికి వచ్చాడు. "నజ్జరేనో గారి ఇల్లు చూపిస్తారా?" అని అడిగాడు. గోడ దాటితే ఇల్లు, చూపించడానికేమీ లేదు. అయినా ఒర్నెల్లా తోడు వెళ్ళింది. మనిషి ఉరికంబం దగ్గరికి నడిచినట్టు నడుస్తున్నాడు.

నజ్జరేనో గుమ్మం ముందు కూర్చుని ఉల్లిపాయ కోసుకుంటున్నాడు.

"నిన్న నేను తప్పు లెక్కపెట్టాను," అన్నాడు ప్రొఫెసర్.

"మీరు లెక్కల మాస్టారట కదా."

"అవును."

"లెక్కల మాస్టారికి పన్నెండు దాకా రాదా?"

ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో అంకెల విషయంలో అబద్ధమాడని మనిషి. వయసు అడిగితే నెలలతో సహా చెప్పేవాడు. టై సరిచేసుకున్నాడు. "నన్ను నేను లెక్కపెట్టుకోవడం మర్చిపోయాను."

"మీ టై మీద వేలు పెట్టుకుని మరీ పన్నెండు అన్నారు. నేను చూశాను."

ఒర్నెల్లా కళ్ళు మూసుకుంది.

"అది... గుండెల్లో మంటగా ఉండి చెయ్యి పెట్టుకున్నాను."

నజ్జరేనో కత్తి కింద పెట్టాడు. "వెర్గారా ఇంట్లో తిని గుండెల్లో మంటా? ఈ మాట ఆవిడ ముందు అనకండి, ప్రాణాలతో ఫెర్రారా చేరరు." ఆయన్ని కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. "మీ దగ్గర చదువుకున్న పిల్లలు ఏం చేస్తున్నారు ఇప్పుడు?"

"చాలామంది ఇంజనీర్లు."

"వంతెనల మీద జాగ్రత్తగా నడవాలన్నమాట." ఉల్లిపాయ వైపు చూశాడు, ఫోంతెసెక్క పొగగొట్టం వైపు చూశాడు. "సరే. మీ మాట నమ్మను, ఆవిడ మాటా నమ్మను. ఒంటిగంటకి నేనే వచ్చి లెక్కపెట్టుకుంటాను. పదమూడుమంది ఉంటే కూర్చుంటాను. లేకపోతే నా దారిన నేను వస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు ప్రొఫెసర్ గోడ దగ్గర ఆగాడు. "పరిస్థితి ఇంకా పాడుచేశానా?"

"చేశారు," అంది ఒర్నెల్లా. ఎందుకో ఆయనంటే ఇష్టం కలిగింది.

బల్ల దగ్గర పన్నెండుమంది ఉన్నారు. పదమూడోవాడు కావాలి, నిజమైనవాడు, వేలితో చూపిస్తే కనిపించేవాడు. పన్నెండున్నరకి ఒర్నెల్లా గరిటె పట్టుకుని ద్రాక్షతోట వాలులో పరుగెత్తింది. సగం దిగాక గానీ తన చేతిలో గరిటె ఉందని గమనించుకోలేదు. రోడ్డు మీద పిట్ట లేదు. ఇటలీ దేశంలో ఆదివారం ఒంటిగంట వేళ రోడ్డు మీద ఎవరుంటారు, ఎవరి అమ్మ బల్ల దగ్గర వాళ్ళుంటారు. ఫాదర్‌కి ఫోన్ చేస్తే నామకరణంలో ఉన్నాడు. పశువుల డాక్టరు వాళ్ళ అమ్మ ఇంట్లో ఉన్నాడు. ఠాణాకి చేస్తే, "నేరం ఏదైనా జరిగిందా?" అని అడిగారు. జరిగిందని చెప్పడానికి నోరు రాలేదు.

"కుక్కని కూర్చోబెడదామా?" అన్నాడు ఎల్వియో. ఆ ఏడాదికి అదే వాడు ఆడిన పొడవైన మాట.

సరిగ్గా ఒంటిగంటకి నజ్జరేనో గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా. ఎవరినీ పలకరించకుండా, రాళ్ళు మోసి మోసి వంకర తిరిగిన చూపుడువేలు ఎత్తాడు.

"ఒకటి," అన్నాడు నోర్మాని చూసి. "రెండు," అన్నాడు ప్రొఫెసర్‌ని చూసి, కొంచెం గట్టిగా. హాలెండువాళ్ళకి భాష రాకపోయినా విషయం పెద్దదని అర్థమై, ఆరుగురూ నిటారుగా కూర్చున్నారు, వీలైనంత ఎక్కువమందిలా కనిపించడానికి. ఎనిమిది. కొత్త జంట, పది. ఎల్వియో, పదకొండు. వేలు ఒర్నెల్లా మీద ఆగింది.

"పన్నెండు."

ప్రొఫెసర్ తన పళ్ళెం లోపలికి చూస్తున్నాడు, అందులో దూరే సందు ఏదైనా ఉందేమో అన్నట్టు.

వేలు ఇంకా దిగలేదు. బల్ల దాటి, గాలిలో మెల్లగా జరిగి, వంటింటి గుమ్మంలో ఆగింది. అక్కడ సెత్తీమియా నిలబడి ఉంది, రెండు చేతులా పెద్ద పళ్ళెం పట్టుకుని. అందులో వించిస్‌గ్రాస్సి, పాస్తా రేకుల మధ్య మాంసం పొరలు పొరలుగా పరిచి పొయ్యిలో కాల్చినది, ఇంకా బుసబుసలాడుతోంది.

"పదమూడు," అన్నాడు నజ్జరేనో.

"నేనా?" అంది సెత్తీమియా. "నేనెక్కడ కూర్చుంటాను?"

నిజమే. ఆ ఇంట్లోనే కాదు, ఆ కొండల్లో ఏ ఇంట్లోనూ వెర్గారా బల్ల దగ్గర కూర్చోదు. అందరూ తిన్నాక పొయ్యి పక్కన నిలబడి గిన్నె అడుగున మిగిలింది తింటుంది. వాళ్ళ అమ్మ అలాగే తింది, వాళ్ళ అమ్మమ్మ అలాగే తింది. అదొక వింతగా ఎవరికీ ఏనాడూ తోచలేదు, రోజూ చూస్తున్న ఒర్నెల్లాకి కూడా.

"కూర్చోవు కాబట్టే లెక్క ఎప్పుడూ తప్పుతోంది," అన్నాడు నజ్జరేనో. "కూర్చో."

"వడ్డించేదెవరు?"

"చేతులున్నవాళ్ళు."

ఒర్నెల్లా లేచి ఆవిడ చేతుల్లోంచి పళ్ళెం తీసుకుంది. తీసుకోవడం అంత తేలిక కాలేదు, వేళ్ళు ఒక్కొక్కటే విడిపించవలసి వచ్చింది. హాలెండువాళ్ళలో ఇద్దరి పెట్టు ఉన్నవాడు ఒకడు కుర్చీ తెచ్చి వేశాడు. ఠాణా అధికారికీ ఫాదర్‌కీ భయపడని మనిషి ఆ కుర్చీకి భయపడింది. అంచు మీద కూర్చుంది, ఎవరో వచ్చి లేవమంటారన్నట్టు.

"మాస్టారూ," అన్నాడు నజ్జరేనో, "ఇప్పుడు చూడండి."

ప్రొఫెసర్ లేచి నిలబడి, వేలు చూపిస్తూ బల్లంతా లెక్కపెట్టాడు. ఖాళీగా ఉన్న ఒర్నెల్లా కుర్చీని కూడా వదలకుండా. "పదమూడు," అన్నాడు. "సరిగ్గా పదమూడు. సందేహం లేదు."

"ఇంతమంది ప్రాణాలు నా మీద పెట్టారు, ఇక తప్పుతుందా," అని సణుక్కుంటూ నజ్జరేనో పద్నాలుగో కుర్చీ లాక్కుని సెత్తీమియా పక్కనే కూర్చున్నాడు.

ఒర్నెల్లా అత్తగారికే మొదట వడ్డించింది. పొగలు కక్కుతున్న ముక్క. ఆవిడ ఊదుకుని, నోట్లో పెట్టుకుని, ఆగిపోయింది. నమలడం ఆపి బల్ల చుట్టూ అందరి మొహాలూ ఒకటొకటిగా చూసింది. యాభై ఏళ్ళుగా ఆ వంట చేస్తోంది. వేడిగా తినడం అదే మొదటిసారి.

"ఇదా?" అంది మెల్లగా. "ఇన్నేళ్ళుగా మీరంతా తింటున్నది ఇదా?"

"మరేమనుకున్నావు," అన్నాడు నజ్జరేనో, పళ్ళెం ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంటూ. "పదమూడంటే భయపడి వస్తున్నాననుకున్నావా?"